పని మధ్యలో లేచి వెళ్ళినప్పుడు

(మన సంఘం ఉగాది కలయికలో చేసిన ప్రసంగ పాఠం)



పది రోజుల క్రితం కార్యదర్శిగారు ఫోన్ చేసి, "ఈసారి మీరు పనిలో ఏకాగ్రత గురించి ఓ అరగంట మాట్లాడాలండి" అన్నారు. "ఇలాంటివి చెప్పడానికి పెద్ద చదువులు చదివినవాళ్ళు ఉన్నారు కదండీ, నేనెందుకు?" అన్నాను. "వాళ్ళు పుస్తకంలోది చెప్తారు, మీరు హ్యాంగర్లోది చెప్పండి" అన్నారు. హ్యాంగర్ పేరు ఎత్తాక ఇక కాదనలేకపోయాను.

నన్ను ఎరగనివారి కోసం రెండు మాటలు. మాది పశ్చిమ గోదావరి, తాడేపల్లిగూడెం దగ్గర పల్లెటూరు. మిలటరీ మాధవరం మాకు సైకిలు దూరం. ఆ ఊరి నుంచి రెండు ప్రపంచ యుద్ధాలకూ వెళ్ళినవాళ్ళ కథలు వింటూ పెరిగినవాళ్ళం కాబట్టి మా కుర్రాళ్ళకు యూనిఫాం కొత్త కాదు. నేను 1983లో వైమానిక దళంలో చేరాను. సాంబ్రాలో కవాతు, తాంబరంలో ట్రేడ్ శిక్షణ, ఆ తరువాత ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా 20 ఏళ్ళు. 2003లో సార్జెంట్‌గా బయటికి వచ్చి ఒక బ్యాంకులో గుమాస్తాగా చేరి, 2025లో అక్కడా రిటైరయ్యాను. అంటే రెండుసార్లు పదవీ విరమణ చేసిన మనిషిని. రెండు ఉద్యోగాల్లోనూ చెరో పెద్ద తప్పు చేశాను. ఆ రెండు తప్పులే ఈ రోజు నా ప్రసంగం.

హ్యాంగర్లో ఒక సాయంత్రం

1987. అప్పటికి నేను ఎల్.ఎ.సి.ని. స్టేషన్ పేరు ఎందుకు లెండి. ఒక విమానానికి ఎలివేటర్ కంట్రోల్ రాడ్ మార్చే పని నాకు అప్పజెప్పారు. ఎలివేటర్ అంటే తోక దగ్గర పైకీ కిందికీ కదిలే రెక్క. పైలట్ కర్ర లాగితే ముక్కు పైకి లేచేది దాని వల్లే. ఆ రాడ్‌ను బోల్టుతో బిగించి, దానికి క్యాజిల్ నట్ వేసి, నట్ గాడిలోంచి బోల్టు కన్నంలోకి స్ప్లిట్ పిన్ దూర్చి, కాళ్ళు రెండు పక్కలకూ మడవాలి. పిన్ ఖరీదు పైసల్లో ఉంటుంది. కానీ అది లేకపోతే ఇంజను అదురుకు నట్ కొంచెం కొంచెంగా వదులవుతుంది, ఒకనాడు బోల్టు జారిపోతుంది. గాలిలో పైలట్ చేతిలో కర్ర ఉంటుంది, తోకకూ దానికీ సంబంధం ఉండదు.

నట్ బిగించాను. పిన్ చేతిలోకి తీసుకున్నాను. అంతలో మా సార్జెంట్ కేక వేశారు. "అరే, జల్దీ ఆ!" ఇంకో విమానాన్ని లోపలికి నెట్టాలి, మనుషులు చాలడం లేదు. పిన్‌ను పనిముట్ల ట్రేలో పెట్టి పరుగెత్తాను. నెట్టడం, చాక్స్ పెట్టడం, మధ్యలో నలుగురితో నాలుగు మాటలు, పావుగంట గడిచింది. తిరిగి వచ్చాను. నట్ బిగించి ఉంది, చూడ్డానికి పని అయిపోయినట్టే ఉంది. పనిముట్లు తుడిచాను, లెక్క చూసుకున్నాను, అన్నీ ఉన్నాయి. కాగితం మీద సంతకం పెట్టాను.

మీలో వైమానిక దళం వాళ్ళకు తెలుసు, కంట్రోల్స్ మీద పని చేస్తే ఒక్క సంతకం చాలదు. పని చేయని ఇంకొకరు వచ్చి స్వతంత్రంగా చూడాలి. అదే డూప్లికేట్ ఇన్‌స్పెక్షన్. ఆ రోజు చూడ్డానికి వచ్చింది అదే సార్జెంట్. టార్చి వేసి లోపలికి తల పెట్టారు. ఒక నిమిషం కదల్లేదు. తరువాత చాలా నెమ్మదిగా, "పిన్ కహా హై?" అన్నారు.

నా చేతులు చల్లబడిపోయాయి. పిన్ ట్రేలో గుడ్డ కింద ఉంది.

కేకలు వేస్తారనుకున్నాను. వేయలేదు. పిన్ వేయించారు, మళ్ళీ టార్చితో చూశారు, ఆ తరువాత తన సంతకం పెట్టారు. నన్ను బయట స్టూలు మీద కూర్చోబెట్టి టీ ఇప్పించి, హిందీలో అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "మరిచిపోవడం నీ తప్పు కాదు బేటా, ఎవడైనా మరిచిపోతాడు. లేచి వెళ్ళేటప్పుడు ఇక్కడ పని సగంలో ఉంది అని చెప్పే గుర్తు ఏదీ పెట్టకుండా వెళ్ళావు, అదీ నీ తప్పు. నువ్వు ఏ పనిలో ఎక్కడ ఉన్నావో అడక్కుండా నేను కేక వేశాను, అది నా తప్పు. సగం సగం."

మర్నాడు ఉదయం ఆ విమానాన్ని తీసుకెళ్ళిన ఫ్లయింగ్ ఆఫీసర్‌ది నా ఈడే. ఎఫ్-700లో మా సంతకాలు చూసి తన సంతకం పెట్టాడు, నిచ్చెన ఎక్కుతూ నాకు చెయ్యి ఊపాడు. ఆయనకు ఏమీ తెలియదు. గంట తరువాత క్షేమంగా దిగేదాకా నేను డిస్పర్సల్ వదిలి కదల్లేదు.

నిపుణులూ మరిచిపోతారు

ఇది కుర్రతనం వల్ల జరిగిందని మీరనుకోవచ్చు. చాలాకాలం నేనూ అలాగే అనుకున్నాను. తరువాత ఎన్.సి.ఓ. కోర్సుల్లో, ఆపైన సొంతంగా చదివినప్పుడు తెలిసింది, ఈ తప్పు వయసును బట్టి రాదని.

1935 అక్టోబర్ 30న అమెరికాలోని రైట్ ఫీల్డ్‌లో బోయింగ్ వారి కొత్త బాంబర్‌కు పరీక్ష జరిగింది. తరువాత బి-17గా ప్రపంచ యుద్ధంలో పేరు తెచ్చుకున్నది అదే. నడిపింది మేజర్ ప్లోయర్ హిల్, ఎంతో అనుభవం ఉన్న టెస్ట్ పైలట్. నేల మీద ఉన్నప్పుడు గాలికి రెక్కలు కొట్టుకోకుండా కంట్రోల్స్‌కు వేసే తాళం తీయకుండానే విమానం లేచింది. లేచిన కాసేపటికే పడిపోయింది. హిల్ చనిపోయారు, బోయింగ్ పైలట్ లెస్లీ టవర్ కూడా ఆ గాయాలతోనే తరువాత చనిపోయారు. అప్పుడు మిగతా పైలట్లు 'ఇంకా జాగ్రత్తగా ఉందాం' అని ఊరుకోలేదు. ఎక్కేముందు, లేచేముందు, దిగేముందు ఏమేం చూడాలో కాగితం మీద రాసుకున్నారు. మనందరం వాడే చెక్‌లిస్టు అలా వాడుకలోకి వచ్చింది.

ఇంకొకటి. 1974 సెప్టెంబర్ 11న అమెరికాలో షార్లట్ విమానాశ్రయం దగ్గర ఒక ప్రయాణికుల విమానం దిగబోతూ రన్‌వే చేరకముందే నేలను తాకింది. 70 మందికి పైగా పోయారు. మంచులో దిగుతూ కాక్‌పిట్‌లో పైలట్లిద్దరూ పనికి సంబంధం లేని కబుర్లు చెప్పుకుంటున్నారని విచారణలో తేలింది. దాని తరువాత 1981లో అక్కడి విమానయాన శాఖ ఒక నిబంధన పెట్టింది. 10,000 అడుగుల కంటే కింద ఉన్నంతసేపూ కాక్‌పిట్‌లో పనికి అవసరమైన మాట తప్ప మరో మాట ఉండకూడదు. దీన్నే స్టెరైల్ కాక్‌పిట్ అంటారు. ఇందులో నాకు నచ్చిందేమిటంటే, ప్రయాణమంతా నోరు మూసుకోమనలేదు. పైకి వెళ్ళాక కబుర్లు చెప్పుకోండి, లేచేటప్పుడూ దిగేటప్పుడూ మాత్రం వద్దు అన్నారు. రోజంతా ఏకాగ్రతగా ఉండటం ఎవరి తరమూ కాదు. ఏ అరగంట ముఖ్యమో తెలుసుకుని దాన్ని కాపాడుకుంటే చాలు.

ఈ రెండు ఉదంతాల్లోనూ మనిషికి 'బుద్ధి పెట్టి పని చెయ్యి' అని చెప్పి వదిలేయలేదు. బుద్ధి తప్పిపోయే చోటు ఎక్కడుందో వెతికి, అక్కడ ఒక ఏర్పాటు చేశారు. ఏకాగ్రత గురించి నేను నేర్చుకున్నది ఈ ఒక్క మాటే. మిగతా ప్రసంగమంతా దానికి వివరణ.

మరి అవధానిగారి సంగతి?

ఈ మాట మా వియ్యంకుడుగారితో అంటే, "అదేమిటండీ, మన అష్టావధానులు ఎనిమిది పనులు ఒకేసారి చేయడం లేదూ? మీకు ఒక్క పిన్‌కే ఇంత గొడవా?" అని నవ్వారు. మంచి ప్రశ్నే. తిరుపతి వేంకట కవుల వల్ల ఊరూరా వ్యాపించిన విద్య అది, మన తెలుగువాళ్ళ సొత్తు. చిన్నప్పుడు మా హైస్కూల్లో అవధానం జరిగితే చాప మీద కూర్చుని చూశాను.

కానీ గమనించండి. అవధానిగారు ఎనిమిదింటినీ ఒకేసారి చేయరు. సమస్య ఇచ్చిన పృచ్ఛకుడికి ఒక పాదం చెప్తారు, ఆపుతారు. దత్తపదికి ఒక పాదం, వర్ణనకు ఒక పాదం. ఒక్కొక్క ఆవృత్తిలో ఒక్కొక్క పాదం. పాదం పూర్తయ్యాకే పక్కవారి దగ్గరికి వెళ్తారు. మళ్ళీ తిరిగి వచ్చినప్పుడు ఎక్కడ ఆపారో ఛందస్సే చెప్తుంది. మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన పని ధ్యాస మళ్ళించడమే. సభలో ఆయనకూ ఒక కుర్చీ వేసి, నీ పని ఇది అని ముందే చెప్పి కూర్చోబెడతారు. అంటే అంతరాయం కూడా ఒక పద్ధతిలో వస్తుంది. ఇక చివర్లో ధారణ. మొదటి నుంచి అన్నీ అప్పజెప్పి ఏదీ వదిలిపోలేదని రుజువు చేస్తారు. మా టూల్ లెక్కలాగే.

మన ఆఫీసుల్లో అంతరాయాలకు కుర్చీ ఉండదు, ఏ దిక్కు నుంచైనా వస్తాయి. మనం పాదం మధ్యలోనే లేచిపోతాం.

2009లో సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు దీనికి ఒక లెక్క చూపించారు. ఒక పని పూర్తి కాకుండా మరో పనికి మారితే, మన ధ్యాసలో కొంత భాగం పాత పని దగ్గరే అంటుకుని ఉండిపోతుంది, కొత్త పని నాసిగా వస్తుంది. 2018లో ఆమే మరొకరితో కలిసి దానికి విరుగుడూ చూపించారు. లేచేముందు ఎక్కడ ఆపానో, తిరిగి వచ్చాక మొదట ఏం చేయాలో రెండు ముక్కలు రాసుకుంటే ఆ అంటు చాలావరకు వదులుతుంది. మా సార్జెంట్ చెప్పిన 'గుర్తు' ఇదే. ఆయన ఏ పత్రికా చదవలేదు.

కౌంటర్ దగ్గర

ఇప్పుడు రెండో తప్పు. ఇది చెప్పడం నాకు మొదటిదాని కంటే కష్టం.

2003లో యూనిఫాం విప్పాను. దానితోపాటే అలవాట్లు కూడా విప్పేశానని తొమ్మిదేళ్ళ తరువాత గానీ తెలియలేదు. సర్వీసులో ఉన్నప్పుడు టూల్ బోర్డు ఉండేది. ప్రతి పనిముట్టుకూ దాని నీడ బోర్డు మీద గీసి ఉంటుంది, ఒకటి తిరిగి రాకపోతే ఖాళీ నీడ వెక్కిరిస్తుంది. టోకెన్ ఉండేది, రెండో సంతకం ఉండేది, తెల్లవారుజామున లేపే విజిల్ ఉండేది. అదంతా నా క్రమశిక్షణే అనుకుని గర్వపడ్డాను. నిజానికి అందులో ముప్పాతిక యూనిట్‌ది. బయటికి వచ్చాక యూనిట్ లేదు, నా దగ్గర మిగిలింది పావు వంతే.

2012 నవంబరు. పింఛనుదారులు లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే నెల. అప్పటికి జీవన్ ప్రమాణ్ రాలేదు, అది 2014లో వచ్చింది. అంతా కాగితం మీదే. కౌంటర్ ముందు యాభై మంది. వారిలో ఒక పెద్దావిడ, ఆర్మీ హవల్దార్‌గారి భార్య, కుటుంబ పింఛను. దూరపు పల్లె నుంచి రెండు బస్సులు మారి వచ్చారు. ఆవిడ కాగితం తీసుకున్నాను, వేలిముద్ర సరిచూశాను. "సరేనమ్మా, వెళ్ళిరండి" అన్నాను. కంప్యూటర్లో ఎక్కించబోతుంటే నా సెల్‌ఫోన్ మోగింది. మా అమ్మాయికి సంబంధం విషయం. బావగారు. తీయకుండా ఉండలేకపోయాను. ఐదు నిమిషాలు మాట్లాడాను. ఫోన్ పెట్టేసరికి ఎదురుగా ఇంకొకరి కాగితం ఉంది. ఆవిడ కాగితం పాత దస్తాల కిందికి వెళ్ళిపోయింది.

డిసెంబరులో ఆవిడ పింఛను పడలేదు. జనవరిలో పడలేదు. ఆలస్యమవుతుందేమో అనుకున్నారట. ఫిబ్రవరిలో మనవడిని తోడు తీసుకుని వచ్చారు. వెతికితే ఆ కాగితం నా సొరుగులోనే దొరికింది. బకాయితో సహా వేయించాం. కానీ ఆ రెండు నెలలూ ఆవిడ షాపులో అప్పు పెట్టి బియ్యం తెచ్చుకున్నారు, బి.పి. మాత్రలు రోజు విడిచి రోజు వేసుకున్నారు. ఇది మనవడు చెప్పాడు, ఆవిడ చెప్పలేదు. ఆవిడ అన్నది ఒక్కటే. "నేనే ఏదో తప్పు రాయించాననుకున్నాను బాబూ."

"తప్పు మీది కాదమ్మా, నాది" అన్నాను. ఎలా జరిగిందో ఉన్నది ఉన్నట్టు చెప్పి మేనేజరుగారికి రాతపూర్వకంగా ఇచ్చాను. ఆయన మందలించి వదిలేశారు. నేను మాత్రం ఆ రాత్రి నిద్రపోలేదు. 1987లో నా పిన్‌ను పట్టుకోవడానికి టార్చి పట్టుకుని ఒక మనిషి ఉన్నాడు. 2012లో లేడు. మనలాంటివాళ్ళ ఇల్లాలే ఆ విమానంలో ఎక్కింది.

నేను పెట్టుకున్న పద్ధతి

మర్నాడు బజారుకు వెళ్ళి ఎర్ర ప్లాస్టిక్ క్లిప్పులు ఒక డజను కొన్నాను. ఎగిరేముందు తీసేయాల్సినవాటికి మనం ఎర్ర గుడ్డ కడతాం చూడండి, అదే ఆలోచన. రిటైరయ్యేదాకా వాటితోనే పని చేశాను. పద్ధతి చాలా చిన్నది, ఎవరైనా రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు.

మొదటిది, బల్ల మీద ఒక్క కాగితం. మిగతావి ఎడమ ట్రేలో. అయినవి కుడి ట్రేలో. మధ్యలో ఎప్పుడూ ఒక్కటే. కంప్యూటర్ మీద పని చేసేవారైతే తెర మీద ఒక్క పని తెరిచి ఉంచండి.

రెండోది, లేవాల్సి వస్తే 'పాదం' పూర్తి చేసి లేవడం. ఒక ఎంట్రీ, ఒక వాక్యం, ఒక కూడిక, ఏదో ఒక చిన్న అంచు దాకా వెళ్ళి ఆగాలి. అంతవరకు ఎదుటివారికి చెయ్యి చూపి "ఒక్క నిమిషమండి" అనాలి. నిజంగా ఒక నిమిషంలో అయిపోతుంది, ఎవరూ ఏమీ అనుకోరు.

మూడోది, ఆ వీలు కూడా లేకపోతే ఎర్ర క్లిప్పు. కాగితానికి క్లిప్పు పెట్టి, పెన్సిలుతో ఒక ముక్క రాయాలి. 'వేలిముద్ర చూశాను, ఎక్కించలేదు.' సాయంత్రం ఒక్క ఎర్ర క్లిప్పు ఉన్నా కుర్చీ లోంచి లేవకూడదు.

నాలుగోది, తిరిగి వచ్చాక మూడు అడుగులు వెనక్కి. ఆపిన చోటే మొదలుపెడితే, ఆపానని మనం అనుకున్న చోటు నిజంగా ఆపిన చోటు కాకపోవచ్చు. విమాన మరమ్మతుల్లో జరిగే మానవ తప్పిదాలను 1993లో కెనడా రవాణా శాఖకు చెందిన గోర్డన్ డ్యూపాంట్ పన్నెండుగా లెక్కకట్టారు. వాటిలో ధ్యాస మళ్ళడం ఒకటి. దానికి చెప్పే మందుల్లో ఇదీ ఉంది. మూడు మెట్లు వెనక్కి వెళ్ళి మళ్ళీ చూసుకో.

ఐదోది, రోజుకు రెండు స్టెరైల్ అరగంటలు. నాకు ఉదయం కౌంటర్ తెరిచిన మొదటి అరగంట, సాయంత్రం నగదు సరిచూసే అరగంట. ఆ గంటసేపు సెల్‌ఫోన్ సొరుగులో. ఇంట్లో కూడా చెప్పాను, "అత్యవసరమైతే బ్యాంకు ఫోన్‌కు చేయండి" అని. అన్నేళ్ళలో అలా వచ్చినవి నాలుగో ఐదో. మిగతావన్నీ ఆగగలిగినవే. మీ ఉద్యోగంలో ఏ అరగంటలో తప్పు జరిగితే ఎక్కువ నష్టమో మీకే తెలుసు. దాన్ని ఎంచుకోండి.

ఆరోది, ఏడు పంక్తులకు మించని చెక్‌లిస్టు. అన్నీ రాస్తే ఎవరూ చదవరు. మరిచిపోతే ప్రాణం మీదికో, ఒకరి పొట్ట మీదికో వచ్చేవి మాత్రమే రాయండి. నా లిస్టులో మొదటి పంక్తి 'తీసుకున్న లైఫ్ సర్టిఫికెట్లు ఎన్ని, ఎక్కించినవి ఎన్ని'. రెండు అంకెలూ సమానం కావాలి. టూల్ లెక్కే మళ్ళీ.

నిద్ర సంగతి

సర్వీసులో ఉన్న తమ్ముళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. పై పద్ధతులన్నీ మెలకువగా ఉన్న మనిషికే పని చేస్తాయి. మన దగ్గర నిద్ర మానుకోవడం మగతనం అనుకునే అలవాటు ఒకటుంది. నేనూ రెండు షిఫ్టులు వరసగా చేసి మీసం తిప్పినవాడినే.

1997లో ఆస్ట్రేలియాలో డాసన్, రీడ్ అనే ఇద్దరు చేసిన పరీక్ష చూడండి. 17 గంటలు వరసగా మేలుకున్న మనిషి చెయ్యీ కన్నూ ఎలా పని చేస్తాయంటే, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడిలా. మన దేశంలో వాహనం నడిపేవాడికి చట్టం ఒప్పుకునే హద్దు 0.03 శాతం. అంటే తెల్లవారి ఐదింటికి లేచిన మనిషి రాత్రి పదింటికి చుక్క తాగకుండానే తాగినవాడిలా ఉంటాడు. అప్పుడు మనం అతని చేతికి స్పానర్ ఇస్తాం, లేదా త్రీ టన్నర్ తాళం ఇస్తాం.

కాపలా సంగతీ అంతే. రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ తెర ముందు కూర్చున్న బ్రిటిష్ వైమానికులు జలాంతర్గాముల గుర్తులు ఎందుకు వదిలేస్తున్నారని నార్మన్ మాక్‌వర్త్ పరిశోధించారు. గడియారంలాంటి పళ్ళెం మీద ముల్లు కదులుతూ ఉంటుంది, ఎప్పుడో ఒకసారి రెట్టింపు గెంతుతుంది, అది పట్టుకోవాలి. 1948లో అచ్చయిన ఆ ఫలితాల ప్రకారం, రెండు గంటల కాపలాలో మొదటి అరగంట దాటగానే గెంతులు వదిలేయడం పెరిగింది. కుర్రాళ్ళు బద్ధకస్తులని కాదు, మెదడు తీరే అంత. సెంట్రీనో, స్కోప్ ముందు కూర్చున్నవాడినో తిట్టేముందు ఎంతసేపటి నుంచి కూర్చున్నాడో అడగండి. మనుషులుంటే మార్చండి. లేకపోతే పక్కన ఒకరిని పెట్టండి.

పిలిచేవారికి ఒక మాట

చివరి మాట మనలో పెద్ద హోదాల్లో ఉన్నవారికి, ఉండి వచ్చినవారికి.

బయట ఉద్యోగాల్లో ఏకాగ్రత గురించి చెప్పేవాళ్ళు "కాదు అనడం నేర్చుకోండి" అంటారు. మన దగ్గర అది కుదరదు. సార్జెంట్ కేక వేస్తే ఎల్.ఎ.సి. "పిన్ వేసి వస్తాను" అనలేడు. అనగలిగిన వాతావరణం ఉండాలి, కానీ దాన్ని కిందివాడు తేలేడు. పైవాడే తేవాలి. నా పిన్ విషయంలో సగం తప్పు తనదని ఒప్పుకున్న ఆ సార్జెంట్ ఆ రోజు నుంచి ఒక పని చేశారు. హ్యాంగర్లో ఎవరిని పిలిచినా ముందు "కహా పర్ హో?" అని అడిగేవారు. పనిలో ఎక్కడున్నావు అని. "పిన్ మడుస్తున్నాను సార్" అంటే, "మడిచి రా" అనేవారు. "అయిపోయింది సార్" అంటే అప్పుడు పిలిచేవారు. మూడు మాటల ప్రశ్న. అది మొదలైన తరువాత మా సెక్షన్లో కుర్రాళ్ళు నోరు విప్పి "ఇంకా కాలేదు సార్" అనడం నేర్చుకున్నారు.

ఇంటిదగ్గరా ఇదే పనికొస్తుంది. మనం రిటైరయ్యాక మన కేకలకు దొరికేది ఇంట్లోవాళ్ళే కదా. పొయ్యి మీద పోపు వేస్తున్న ఇల్లాలిని "నా కళ్ళజోడు ఎక్కడ?" అని పిలుస్తాం. పరీక్షకు చదువుతున్న పిల్లాడిని పేపరు తెమ్మంటాం. ఆ తరువాత పోపు మాడిందని, పిల్లాడికి మార్కులు రాలేదని మనమే విసుక్కుంటాం. మా ఆవిడ ముందు వరసలో కూర్చుని నవ్వుతోంది. కాబట్టి ఈ విషయంలో నేను ఇంకా శిక్షణలోనే ఉన్నానని ఒప్పుకుంటున్నాను.

ఆ సార్జెంట్‌గారు ఇప్పుడు లేరు. కొన్నేళ్ళ క్రితం పోయారని ఒక కోర్స్‌మేట్ ద్వారా తెలిసింది. ఆ పెద్దావిడ మాత్రం 2019 దాకా ప్రతి నవంబరులో నా కౌంటర్‌కే వచ్చేవారు. వేరే కౌంటర్ ఖాళీగా ఉన్నా వెళ్ళేవారు కాదు. కాగితం ఇచ్చి, నేను కంప్యూటర్లో ఎక్కించి "అయిందమ్మా" అనేదాకా అక్కడే నిలబడేవారు. మొదటి ఏడాది ఆ నిలబడటం నాకు ముల్లులా గుచ్చుకుంది. తరువాత అర్థమైంది, ఆవిడ నా రెండో సంతకం. ఆ కొద్దిసేపూ ఎన్ని ఫోన్లు మోగినా నేను తీయలేదు.

 ఇంత సేపట్లో ఎవరి ఫోనూ మోగలేదు. అందుకు కృతజ్ఞతలు. అందరికీ ఉగాది శుభాకాంక్షలు.

జై హింద్.